ఒక ఉద్యోగి మరణం: మొదటి 24 గంటలు

ఈ పాఠంలోని ఉద్యోగి, అతని కుటుంబం, అతడు పనిచేసిన సంస్థ కల్పితం. ఇందులో పేర్కొన్న చట్టాలు, సెక్షన్లు, గడువులు, న్యాయస్థానాల తీర్పులు వాస్తవం. పనిచేసే చోట ఒక వ్యక్తి అంతుచిక్కని రీతిలో మరణించినప్పుడు నిజం ఏ మార్గాన తేలుతుందో, ఆ మార్గంలో కుటుంబానికి, సహోద్యోగులకు, పోలీసులకు, సంస్థకు ఉన్న బాధ్యతలేమిటో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

1. ఘటన

హోసూరులో తరతరాలుగా స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, సరిహద్దు దాటితే కన్నడం. తండ్రి గులాబీ తోట సాగుచేసే రైతు. కన్నడం చక్కగా మాట్లాడగలడు, చదవలేడు. ఆయన కుమారునికి 31 ఏళ్లు. బెంగళూరులోని ఒక ప్రైవేటు సంస్థలో లెక్కల విభాగంలో ఉద్యోగం. ప్రతి శనివారం సాయంత్రం ఇంటికి చేరే అలవాటు అతనిది. ఒక శనివారం మాత్రం, మూడు నెలల లెక్కలు ముగించవలసి ఉన్నదని, మరునాడు వస్తానని తల్లికి ఫోనులో చెప్పాడు.

ఆదివారం తెల్లవారి 6 గంటలకు, కార్యాలయ భవనం నేలమాళిగలో, వాహనాలు నిలిపే చోటికి దిగే మెట్ల అడుగున అతని మృతదేహం కాపలాదారు కంటపడింది. 8 గంటలకు సంస్థ మేనేజరు తండ్రికి ఫోను చేసి, గుండెపోటు వచ్చినట్లుందని చెప్పాడు. తండ్రి, మేనమామ అక్కడికి చేరేసరికి మరో మాట వినవచ్చింది. కొన్ని తప్పుడు బిల్లుల గురించి ఆ యువకుడు పదిరోజుల క్రితమే పై అధికారికి ఉత్తరం రాశాడనీ, అతని సెల్‌ఫోను కనబడడం లేదనీ ఒక సహోద్యోగి మెల్లగా చెప్పాడు. గేటు వద్ద చేరినవారిలో ఇంకొకరు, పని ఒత్తిడి తాళలేక ప్రాణం తీసుకుని ఉంటాడని తేల్చివేశారు. మధ్యాహ్నమయ్యేసరికి ఒక మరణానికి మూడు కథలు పుట్టాయి. వాటిలో ఏ ఒక్కటీ ఎవరూ కళ్లారా చూసినది కాదు.

అప్పుడు మేనేజరు ఒక కాగితం తెచ్చాడు. అది కన్నడంలో ఉంది. సంతకం చేస్తే సాయంత్రానికల్లా దేహాన్ని ఊరికి తీసుకువెళ్లవచ్చునన్నాడు. మేనమామ కన్నీళ్లు తుడుచుకుంటూ, “బావా, వాడి ఒంటిని కోయించడం మనకెందుకు? సంతకం పెట్టు, ఇంటికి తీసుకుపోదాం” అన్నాడు. ఆ మాటలో దురుద్దేశం లేదు, ప్రేమే ఉంది. అయినా తండ్రి కలం అందుకోలేదు. పక్కనున్న సహోద్యోగి వైపు తిరిగి, “బాబూ, ఇందులో ఏముందో తెలుగులో చదివి చెప్పు” అని అడిగాడు.

ఆ కాగితంలో రెండు వాక్యాలున్నాయి: మరణంపై మాకు ఎటువంటి అనుమానమూ లేదు, శవపరీక్ష అవసరం లేదు.

తండ్రి సంతకం చేయలేదు. ఈ పాఠమంతా ఆ ఒక్క నిర్ణయం చుట్టూ తిరుగుతుంది.

2. చదవలేని కాగితం, పౌరుని భాష

సరిహద్దు పట్టణాలలో నివసించే తెలుగువారికి ఇది నిత్యానుభవం. మాట్లాడే భాష ఒకటి, కాగితం మీది భాష మరొకటి. దుఃఖసమయంలో ఎవరో వేలితో చూపిన చోట సంతకం చేయడం సులభం. అందువల్ల మొదటి సూత్రం ఇది: అర్థం తెలియని కాగితంపై ఏ సమయంలోనూ సంతకం చేయరాదు. దానిని తమ భాషలో వివరించమని అడగడం అమర్యాద కాదు, హక్కు.

భారత రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, ప్రతి వ్యక్తీ తన కష్టనివారణకై కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా వినతిపత్రం సమర్పించుకోవచ్చు. కనుక బెంగళూరు పోలీసు అధికారికి హోసూరు రైతు తెలుగులో అర్జీ ఇవ్వవచ్చు. దానితోపాటు కన్నడ లేదా ఆంగ్ల అనువాదం జతచేస్తే పని త్వరగా సాగుతుంది. అయితే అనువాదం లేదన్న కారణంతో అర్జీని తోసిపుచ్చడం రాజ్యాంగ స్ఫూర్తికి విరుద్ధం.

2024 జూలై 1 నుండి దండ ప్రక్రియా స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. నేర సమాచారాన్ని నోటిమాటగా ఇచ్చినప్పుడు అధికారి దానిని రాసుకుని, ఇచ్చినవారికి చదివి వినిపించాలని దాని 173వ సెక్షన్ చెబుతుంది. చదివి వినిపించడం వారికి అర్థమయ్యేందుకే గదా! నమోదైన ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఉచితంగా ఇవ్వాలని కూడా ఆ సెక్షన్ ఆదేశిస్తుంది. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా సమాచారం మరో స్టేషనులో ఇవ్వవచ్చునన్నది మరో సౌకర్యం. దీనినే వాడుకలో జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. రాష్ట్ర సరిహద్దుకు ఈవల ఉన్న కుటుంబానికి ఇది ఎంతో ఊరట.

మన కల్పిత తండ్రి ఆ రోజు తెల్లకాగితంపై తెలుగులో ఐదు విషయాలు రాశాడు: మరణకారణం తమకు తెలియదని, శవపరీక్ష జరిపించాలని, సి.సి. కెమెరాల దృశ్యాలను చెరిగిపోకుండా భద్రపరచాలని. సెల్‌ఫోనును వెతికించి, కార్యాలయ ల్యాప్‌టాప్‌ను స్వాధీనపరచుకోవాలని. మెట్లచోటును ఎవరూ మార్చకుండా కాపాడాలని. సహోద్యోగి దాని కింద కన్నడంలో సారాంశం రాశాడు. స్టేషనులో ఒక ప్రతి ఇచ్చి, రెండవ ప్రతిపై అందినట్లు ముద్ర, తేదీ, సమయం వేయించుకున్నారు. ఆ అర్జీలో ఎవరి మీదా నేరారోపణ లేదు. హత్య అన్న మాట లేదు, ఆత్మహత్య అన్న మాటా లేదు. తెలియనిదానిని తెలియదని రాయడమే దాని బలం.

3. పోలీసులు ఏమి చేయాలి?

ఆత్మహత్య, హత్య, జంతువు లేదా యంత్రం లేదా ప్రమాదం వల్ల కలిగిన మరణం, నేరం జరిగి ఉండవచ్చునన్న అనుమానానికి తావిచ్చే మరణం: వీటిలో దేని సమాచారం అందినా స్టేషను అధికారి ఏమి చేయాలో నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ నిర్దేశిస్తుంది. సమీపంలోని అధికారప్రాప్త ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. దేహం ఉన్న చోటికి స్వయంగా వెళ్లాలి. ఆ పరిసరాలలో నివసించే ఇద్దరు లేదా అంతకుమించిన గౌరవనీయుల సమక్షంలో పరిశీలన జరిపి, గాయాలు, కమిలిన గుర్తులు, ఎముకల విరుగుళ్లు ఏవైనా ఉంటే వర్ణిస్తూ, పైకి కనబడే మరణకారణాన్ని నమోదు చేయాలి. ఇదే శవపంచనామా. ఆ నివేదికను 24 గంటలలోగా జిల్లా మేజిస్ట్రేటుకు గాని సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటుకు గాని పంపాలి. కర్ణాటకలో ఇలా నమోదయ్యే కేసును వాడుకలో యు.డి.ఆర్. అంటారు, అనగా అసహజ మరణ నివేదిక.

మరణకారణంపై సందేహం ఉన్నప్పుడు దేహాన్ని వైద్యపరీక్షకు పంపడం కూడా ఈ సెక్షన్‌లోని విధియే. కనుక అనుమానం లేదని కుటుంబం సంతకం చేసినంతమాత్రాన పోలీసుల చట్టబద్ధమైన బాధ్యత తీరిపోదు. అయినప్పటికీ ఆ కాగితానికి ఆచరణలో బరువుంటుంది. తరువాత కుటుంబం సందేహం వెలిబుచ్చితే, ఆనాడు లేదన్నారు గదా అన్న ప్రశ్న ప్రతి గడపలోనూ ఎదురవుతుంది.

శవపంచనామాకు ఒక హద్దు ఉంది. పెద్దనారాయణ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 1975లో సుప్రీంకోర్టు దానిని స్పష్టపరచింది. మరణం అనుమానాస్పదమా, అసహజమా, పైకి తోచే కారణమేమిటి అన్నంతవరకే పంచనామా పరిధి. ఎవరు దాడిచేశారు, ఏ పరిస్థితిలో చేశారు అన్న వివరాలు అందులో ఉండనవసరం లేదు. కనుక పంచనామాలో ఫలానావారి పేరు లేదని కుటుంబం నిరాశపడనక్కరలేదు. పేరు లేదు గనుక తమపై అనుమానం తీరిపోయిందని మరొకరు భావించడానికీ వీలులేదు.

సమాచారంలో పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరం కనబడితే ప్రథమ సమాచార నివేదిక నమోదు తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో తీర్పునిచ్చింది. మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలలో, డి.ఎస్.పి. స్థాయి అధికారి అనుమతితో 14 రోజులలో ప్రాథమిక విచారణ జరిపే వెసులుబాటును కొత్త సంహిత ఇచ్చింది. స్టేషనులో నమోదుకు నిరాకరిస్తే, సమాచారాన్ని రాతపూర్వకంగా జిల్లా పోలీసు అధికారికి తపాలాలో పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా సమాచారదారునికి లేదా బాధితునికి తెలియజేయడం పోలీసుల విధి అని 193వ సెక్షన్ చెబుతుంది.

4. శవపరీక్ష ఎందుకు?

దేహాన్ని కోయించడం ఎందుకన్న మేనమామ ప్రశ్న ప్రతి ఇంటా వినబడేదే. దానికి సమాధానం కూడా అంతే సూటిగా ఉండాలి. మరణించినవాడు ఇక నోటితో చెప్పలేని సంగతిని అతని దేహమే చెప్పగలదు. అది చెప్పగలిగే కాలం మాత్రం చాలా తక్కువ.

వైద్యుడు గుండె రక్తనాళాలను పరిశీలించి, గుండెపోటు అన్న మాట నిలుస్తుందో లేదో చెబుతాడు. పుర్రెలోపలి రక్తస్రావం పైకి గాయం చిన్నదిగా కనబడినా బయటపడుతుంది. చేతులపై, ముంజేతులపై పెనుగులాట గుర్తులున్నాయా అని చూస్తాడు. విషప్రయోగం అనుమానానికి తావుంటే కడుపు, కాలేయం, మూత్రపిండం మొదలైన అవయవాల నమూనాలను భద్రపరచి ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపుతారు. వీటినే విసెరా అంటారు. సాధారణంగా వీటిని ఉప్పు ఇక కరగలేనంత చిక్కటి ఉప్పునీటిలో నిలువ చేస్తారు. దేహం చల్లబడిన తీరు, బిగుసుకున్న తీరు, రక్తం కిందిభాగానికి దిగి ఏర్పడిన మచ్చలు మరణ సమయాన్ని అంచనా వేయడానికి తోడ్పడతాయి. ఉష్ణోగ్రతను బట్టి, శరీరతత్త్వాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది గనుక వైద్యుడు నిమిషాలలో గాక గంటల వ్యవధిలోనే అంచనా చెబుతాడు.

సాయంత్రానికల్లా తీసుకువెళ్లవచ్చునన్న మేనేజరు హామీని కూడా పరీక్షించి చూడాలి. తగిన వసతులున్న ఆసుపత్రులలో సూర్యాస్తమయం తరువాత కూడా శవపరీక్ష చేయవచ్చునని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2021 నవంబరు 15న అనుమతించింది. కాని హత్య, ఆత్మహత్య, కుళ్లిన దేహం, నేరం జరిగిందన్న అనుమానం వంటి సందర్భాలను, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, రాత్రి పరీక్ష నుండి మినహాయించింది. కనుక ఇటువంటి మరణంలో ఒక రాత్రి శవాగారంలో గడవడం నిర్లక్ష్యమని భావించరాదు. పగటి వెలుగులో జరిగే పరీక్ష కోసం వేచి ఉండడమది.

అంత్యక్రియల విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. పాతిపెట్టిన దేహాన్ని అవసరమైతే వెలికితీయించి పరీక్ష జరిపించే అధికారం 196వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు ఉంది. దహనమైన దేహానికి మరో పరీక్ష లేదు. అందువల్ల దహన సంప్రదాయం గల కుటుంబాలు శవపరీక్ష పూర్తయినదనీ, నమూనాలు భద్రపరచబడినవనీ అధికారిని అడిగి తెలుసుకున్న పిమ్మటనే ముందుకు సాగడం మంచిది.

5. చోటు, యంత్రం, కాగితం

దేహం తరువాత మాట్లాడేది చోటు. ఈ కథలో చోటు అంటే నేలమాళిగ మెట్లు. అక్కడ దీపం వెలుగుతున్నదా, చేయిపట్టు గట్టిగా ఉన్నదా, నేల తడిసి ఉన్నదా, చెప్పులు ఏ మెట్టు మీద పడి ఉన్నాయి? ఈ ప్రశ్నలకు ఆదివారం ఉదయం సమాధానం ఉంటుంది. సోమవారం నాటికి ఎవరో శుభ్రం చేసి, దీపం మార్చి, చేయిపట్టు బిగించి ఉండవచ్చు. ఎవరికీ చెడు తలంపు లేకపోయినా సాక్ష్యం అలా తుడిచిపెట్టుకుపోతుంది. తెలిసి చేస్తే మాత్రం అది నేరం. దోషిని కాపాడే ఉద్దేశంతో సాక్ష్యాన్ని మాయం చేయడాన్ని భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ శిక్షార్హం చేసింది. సోదా, జప్తు ప్రక్రియను దృశ్యశ్రవణ పద్ధతిలో చిత్రీకరించాలని నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ఆదేశిస్తున్నది.

మూడవ సాక్షి యంత్రం. నేటి కార్యాలయంలో మనిషి అడుగు పెట్టిన ప్రతిచోటా ఒక గుర్తు మిగులుతుంది. తలుపు తెరిచే కార్డు ఏ నిమిషంలో ఏ అంతస్తులో వాడబడిందో ఆ యంత్రం గుర్తుంచుకుంటుంది. కంప్యూటరు ఎప్పుడు మూతపడిందో తెలుస్తుంది. సి.సి. కెమెరా దృశ్యాలకు మాత్రం ఒక లోపముంది. నిలువచేసే పెట్టె నిండగానే కొత్త దృశ్యం పాతదాని మీద పడి దానిని చెరిపివేస్తుంది. అందుకే భద్రపరచమన్న అర్జీ మొదటి రోజునే, తేదీతో, సమయంతో వెళ్లాలి. ఇటువంటి ఎలక్ట్రానిక్ దాఖలాలు న్యాయస్థానంలో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం అవసరం. కనుక ఎవరో సెల్‌ఫోనులో తెర మీది దృశ్యాన్ని తిరిగి చిత్రించి పంచుకుంటే చాలదు. అసలు పరికరాన్ని పోలీసులు స్వాధీనపరచుకోవాలి.

నాలుగవ సాక్షి కాగితం: కాపలాదారు పుస్తకం, లిఫ్టు మరమ్మతు చీటీ, సెలవు పత్రం, రాసిన ఉత్తరాలు. ఎవరూ లెక్కచేయని ఇటువంటి పుస్తకాలే తరచుగా నిజాన్ని నిలబెడతాయి.

6. అనుమానానికి విలువ, అనుమానానికి హద్దు

తప్పుడు బిల్లుల గురించి రాసిన ఉత్తరం చిన్న విషయం కాదు. నిజాయితీ కారణంగా ప్రాణం పోగొట్టుకున్న ఉద్యోగులు మన దేశంలో ఉన్నారు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ కుటుంబానికి చెందిన ఎస్. మంజునాథ్ ఇండియన్ ఆయిల్ కార్పొరేషన్ అధికారి. ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ ఇంధనం అమ్మే పెట్రోలు బంకులపై చర్య తీసుకున్నందుకు 2005 నవంబరులో ఆయనను కాల్చిచంపారు. ఆయన కారులోనే ఆయన దేహం పొరుగున ఉన్న సీతాపూర్ జిల్లాలో దొరికింది. కేసు కింది కోర్టు నుండి సుప్రీంకోర్టు వరకు సాగింది. ప్రధాన దోషికి పడిన యావజ్జీవ శిక్షను 2015లో సుప్రీంకోర్టు ఖాయపరచింది. అక్కడ అనుమానం న్యాయంగా మారడానికి కారణం ఆగ్రహం ఒక్కటే కాదు. దేహం, వాహనం, సాక్షుల మాటలు ఒకదానితో ఒకటి ముడిపడి న్యాయస్థానం ముందు నిలబడ్డాయి.

కాబట్టి అనుమానాన్ని కొట్టివేయరాదు. అయితే అనుమానమే రుజువని పొరబడకూడదు. ఒకరి మరణం వల్ల మరొకరికి లాభం ఉండవచ్చుననడం ఒక ప్రశ్నకు దారి, సమాధానం కాదు. మరణించినవాడు ఉత్తరం రాశాడన్నది వాస్తవం. ఆ ఉత్తరం వల్లనే మరణించాడన్నది ఊహ. ఈ రెండింటి మధ్య దూరాన్ని సాక్ష్యమొక్కటే దాటించగలదు. అలాగే, ప్రాణం తీసుకుని ఉంటాడన్న మాటకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. తనను తాను సమర్థించుకోలేని మనిషి మీద అటువంటి ముద్ర వేయడం అన్యాయం. అతని తల్లి మిగిలిన జీవితమంతా మోయవలసిన మాట అది. ఇరుగుపొరుగువారు, సహోద్యోగులు చేయగలిగిన మొదటి ఉపకారం, చూడనిదానిని చెప్పకుండా ఉండడమే. చూసినదానిని మాత్రం దాచకుండా అధికారికి చెప్పాలి.

7. నిజం తేలిన తీరు

మన కథలో పోలీసులు అర్జీని స్వీకరించారు. ఆదివారం మధ్యాహ్నమే మెట్లచోటును చిత్రీకరించారు. సోమవారం పగలు శవపరీక్ష జరిగింది. తరువాతి వారాలలో నివేదికలు ఒక్కొక్కటే వచ్చాయి.

గుండె ఆరోగ్యంగా ఉంది. మొదటి కథ తొలగింది. విసెరాలో విషం లేదు. పై అంతస్తు నుండి దూకినట్లు తెలిపే గాయాలేవీ లేవు. మరునాటి ప్రయాణానికి ముందురాత్రి 9 గంటలకే అతడు రైలు చీటీ కొన్నాడు. మూడవ కథకు ఆధారం కనబడలేదు. చేతులపై పెనుగులాట గుర్తులు లేవు. కార్డు వాడుక ప్రకారం ఆ రాత్రి 10 గంటల తరువాత ఆ అంతస్తులో అతడు తప్ప మరెవ్వరూ లేరు. కనబడకుండా పోయిన సెల్‌ఫోను మెట్ల పక్కన నిలిపిన వాహనం కింద, అద్దం పగిలి, దొరికింది. రెండవ కథ కూడా నిలవలేదు.

నిలిచినది ఎవరూ చెప్పని నాలుగవ కథ. లిఫ్టు రాత్రి 10 గంటలకు మరమ్మతు కోసం ఆపివేయబడింది. అతడు 11 గంటల 40 నిమిషాలకు నాలుగవ అంతస్తు నుండి మెట్ల మీదుగా దిగాడు. చివరి వరుసలో దీపం లేదు, చేయిపట్టు ఊగిపోతున్నది. జారి పడి తలకు దెబ్బ తగిలింది. దీపం వెలగడం లేదని కాపలాదారు పుస్తకంలో అంతకుముందే రెండుసార్లు రాసి ఉంది. మెదడు వాపును బట్టి, పడిన తరువాత అతడు కొంతసేపు బ్రతికే ఉన్నాడని వైద్యుడు అభిప్రాయపడ్డాడు. రాత్రి 1 గంటకు, 3 గంటలకు నేలమాళిగలో తిరిగి చూడవలసిన కాపలా వంతులు ఆ రాత్రి జరగలేదు.

రహస్యమని అందరూ భావించినదాని అడుగున ఉన్నది నిర్లక్ష్యం. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ప్రాథమిక విచారణ అనంతరం ఆ సెక్షన్ కింద కేసు నమోదైంది. సోమవారం ఉదయం సంస్థవారు కొత్త దీపం పెట్టించారు. అయితే ఆదివారం నాటి చిత్రంలో ఆ చోటు చీకటిగానే ఉంది.

తప్పుడు బిల్లుల ఉత్తరం మరుగున పడలేదు. మరణంతో సంబంధం లేదని తేలినా, అది వేరే విచారణగా సాగింది. ఒక అనుమానం రుజువు కానంత మాత్రాన మరొక తప్పు ఒప్పు కాదు. స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలు, ఉద్యోగులు తప్పులను నిర్భయంగా తెలియజేసేందుకు ఒక యంత్రాంగాన్ని ఏర్పాటు చేయాలని, అలా తెలియజేసినవారికి వేధింపుల నుండి రక్షణ కల్పించాలని 2013 నాటి కంపెనీల చట్టం 177వ సెక్షన్ నిర్దేశిస్తుంది.

8. కుటుంబానికి రావలసినవి

ఆ ఆదివారం తండ్రి సంతకం చేసి ఉంటే, కాగితాలలో అది గుండెపోటుగా మిగిలిపోయేది. పనిలో భాగంగా జరిగిన ప్రమాదం వల్ల మరణం సంభవిస్తే యజమాని నష్టపరిహారం చెల్లించవలసి ఉంటుంది. సహజ మరణమని రాసినచోట ఆ హక్కును రుజువు చేయడం కుటుంబానికి దుస్సాధ్యమవుతుంది. మరణకారణం తెలియడం మనశ్శాంతికే గాక, వృద్ధులైన తల్లిదండ్రుల జీవనాధారానికి కూడా సంబంధించిన విషయం.

కారణంతో నిమిత్తం లేకుండా రావలసినవి కూడా ఉన్నాయి. గ్రాట్యుటీకి సాధారణంగా వర్తించే ఐదేళ్ల నిరంతర సేవ నియమం, ఉద్యోగి మరణించిన సందర్భంలో వర్తించదు. భవిష్యనిధిలోని సొమ్ము నామినీకి చెందుతుంది. భవిష్యనిధి సభ్యులకు అనుబంధంగా ఉన్న బీమా పథకం కింద గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు లభిస్తుంది. వీటిలో వేటినీ, అనుమానం లేదన్న సంతకానికి బదులుగా ఇచ్చే దానంగా ఎవరూ చూపరాదు.

వీటన్నింటికీ మరణ ధ్రువపత్రం కావాలి. మరణం ఎక్కడ సంభవించిందో అక్కడి రిజిస్ట్రారు వద్దనే నమోదు జరుగుతుంది. మన కథలో అది బెంగళూరు, హోసూరు కాదు. గడువు 21 రోజులు. ఆ తరువాత 30 రోజులలోగా ఆలస్య రుసుముతో నమోదు చేయించుకోవచ్చు. అది కూడా దాటితే పై అధికారుల అనుమతి అవసరమవుతుంది. పేరు, తండ్రి పేరు, వయస్సు ఉద్యోగపు దాఖలాలతోనూ ఆధార్‌తోనూ సరిపోయేలా తెలుగు పేరును ఆంగ్లంలో, కన్నడంలో ఎలా రాశారో అప్పుడే సరిచూసుకోవాలి. ఒక్క అక్షరం తేడాకు నెలల తరబడి తిరగవలసి వస్తుంది.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు న్యాయసేవల ప్రాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం కింద స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు, నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడినవారు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. దీనికి ఫోను సంఖ్య 15100. ఆపత్సమయంలో పోలీసు సహాయానికి 112. ఇటువంటి మరణం తరువాత ఇంట్లోవారి మనస్సు కుంగిపోవడం సహజం. టెలీ మానస్ సహాయకేంద్రం 14416 సంఖ్య మీద తెలుగుతో సహా పలు భాషలలో ఉచితంగా మాట్లాడుతుంది.

9. గుర్తుంచుకోవలసినవి

చదవలేని కాగితంపై సంతకం చేయరాదు. తెలియని కారణాన్ని తెలియదనే రాయాలి. అర్జీని సొంత భాషలో ఇవ్వవచ్చు. అందినట్లు ముద్ర తప్పక తీసుకోవాలి. శవపరీక్ష పూర్తికాక ముందు దహనం చేయరాదు. కెమెరా దృశ్యాలు, కార్డు వాడుక వివరాలు, కాపలా పుస్తకాలు భద్రపరచమని మొదటి రోజునే రాతపూర్వకంగా కోరాలి. పంచనామా, ప్రథమ సమాచార నివేదిక, శవపరీక్ష నివేదిక, మరణ ధ్రువపత్రం: ఈ నాలుగింటి ప్రతులను ఒకేచోట దాచుకోవాలి. చూసినవారు చెప్పాలి, చూడనివారు మౌనంగా తోడుండాలి.

ఆ తండ్రి చదివినది ఐదవ తరగతి. చట్టంలోని ఏ సెక్షనూ ఆయనకు తెలియదు. తెలియనిదానిని అడగాలని మాత్రం తెలుసు. ఏడాది తరువాత, కొడుకు ఎలా పోయాడని ఎవరైనా అడిగితే ఆయన వద్ద ఒక సమాధానం ఉంది. అది దుఃఖాన్ని తగ్గించలేదు. కాని ఆ ఇంట్లో ఒకరినొకరు నిందించుకునే అవసరాన్ని తొలగించింది. ఆ భవనంలో ఇప్పుడు నేలమాళిగ మెట్లన్నింటికీ దీపాలున్నాయి.

అభ్యాసం

1. కుటుంబం అనుమానం లేదని రాసి ఇచ్చినా పోలీసుల విధి ఎందుకు తీరిపోదు? 194వ సెక్షన్ ఆధారంగా వివరించండి.

2. శవపంచనామాకు, శవపరీక్షకు మధ్య భేదమేమిటి? ఒక్కొక్కటి ఏ ప్రశ్నకు సమాధానమిస్తుంది?

3. పాఠంలోని మూడు కథలలో ఒక్కొక్కటి ఏ సాక్ష్యంతో తొలగిపోయిందో పట్టికగా రాయండి.

4. మీరు పనిచేసే లేదా నివసించే భవనంలో మెట్లు, దీపాలు, చేయిపట్టు, కాపలా పుస్తకం ఒకసారి పరిశీలించండి. కనుగొన్న లోపాలను తెలుపుతూ సంబంధిత అధికారికి తెలుగులో ఒక అర్జీ రాయండి.